బోర్డు మీది వాక్యం

మా ఆఫీసులో ఒక దరిద్రపు అలవాటు ఉండేది. ఆపదలో ఉన్నవాళ్లు ఫోన్లో పంపే సందేశాలను కంప్యూటరు చదివి పోలీసులకు చేరవేస్తుంది. ఆ చదివే ప్రోగ్రాం మాదే. పక్కపక్కనున్న మాటలను చకచకా కలిపేస్తుంది గానీ, ఒక జత మాటలు ఇంకో జతను దాటుకుంటూ పోతే చేతులెత్తేస్తుంది. అలాంటి వాక్యాలకు, మాటల సంబంధాలను చెట్టు కొమ్మల్లా గీసి ఒక చెట్టులోకి ఇంకో చెట్టును అంటుగట్టే బలమైన వ్యాకరణం ఒకటి తయారుచేశాం. అదేమో నత్తనడక. అందుకని చిక్కు వాక్యాలన్నీ పక్కన పడతాయి. వాటిని పోలీసు కంట్రోల్ రూం ఆపరేటర్లు చూస్తారని మేము, మేము చూస్తామని ఆపరేటర్లు నిశ్చింతగా ఉండేవాళ్లం. బాగా చిక్కుపడ్డదాన్ని ఏరి బోర్డు మీద రాసి, టీ తాగుతూ గీతలు గీసుకోవడం మావాళ్ల సరదా.

ఆ ఉదయం నేను వచ్చేసరికి మా పెద్దాయన బోర్డు ముందు మురిసిపోతున్నాడు. వాక్యాలకు చెట్లు గీస్తాడని ఆయన్ను అందరూ చెట్లాయన అంటారు. బోర్డు మీద ఇలా ఉంది:

"నేను పాప మా ఆయన గొడ్డలితో బాత్రూంలో దాక్కున్నాం తలుపు కొడుతున్నాడు"

'నేను పాప' నుంచి 'దాక్కున్నాం' దాకా నీలం గీత. 'మా ఆయన' నుంచి 'కొడుతున్నాడు' దాకా ఎర్ర గీత. ఎంత అందంగా దాటుకున్నాయో చూడమ్మా అని నన్ను పిలిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపుతున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది ఎప్పుడొచ్చింది సార్?"

"ఇప్పుడే, టీకి ముందు..." అంటూనే ఆయన ముఖం పాలిపోయింది.

ఆ సందేశం పంపిన ఫోను ఎక్కడుందో చూస్తే మా వెనక వీధే. పోలీసులకు చెప్పమని అరిచి పరుగెత్తాను. చెట్లాయన ఆయాసపడుతూ నా వెంట వచ్చాడు.

ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల బాత్రూం తలుపు నిలువునా చీలింది. వాడు చెక్కలో ఇరుక్కున్న గొడ్డలిని పీకుతున్నాడు. దాని అంచు ఎర్రగా ఉంది. అవతల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. పొయ్యి మీది ఇనప పెనం లాక్కొచ్చి వాడి వీపు మీద బాదాను. వాడు గొడ్డలి ఊడబెరుక్కుని నా మీదికి తిరిగాడు. చెట్లాయన చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్లు తెగి నేల మీద పడ్డాయి. నేను వాడి తల మీద కొట్టాను. కూలిపోయాక కూడా కొట్టాను. సిగ్గేమీ లేదు, చేతులు నొప్పెట్టేదాకా కొట్టాను.

బాత్రూంలో ఆమె తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. గొడ్డలి చెక్కను దాటి ఆమె భుజంలో దిగింది. ఒడిలో ఉన్న పాప ఒంటినిండా తల్లి రక్తమే, పాపకు దెబ్బ తగల్లేదు.

"ఎప్పుడో పంపాను కదక్కా," అంది. "ఎవరూ చదవలేదా?"

చెట్లాయన వేళ్లు తెగిన చేతిని చొక్కాలో చుట్టుకుని గుమ్మంలో చతికిలబడ్డాడు.

"చదివామమ్మా," అన్నాడు. "అందరం చదివాం."

నేను పాపను ఎత్తుకోబోయాను. ఆమె ఆ చీలిన భుజంతోనే పాపను నాకు అందకుండా వెనక్కి లాక్కుంది.