గ్లవ్‌లో పద్నాలుగు చీటీలు

పన్నెండేళ్ళ లోపు పిల్లల ఫుట్‌బాల్ టీముకి కోచ్‌గా ఉండటం కంటే ఫ్రిజ్‌లు బాగుచేసుకోవడం వెయ్యి రెట్లు నయం. ఫ్రిజ్‌కి అమ్మానాన్నలు ఉండరు. ఉన్నా వచ్చి పక్కన నిలబడి మెకానిక్కి పని నేర్పరు. ఈ సంగతి మన కోచ్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే వారంలో ఆరు రోజులు అతను చేసేది ఫ్రిజ్‌ల పనే. సాయంత్రాలూ, ఆదివారాలూ మాత్రం మైదానానివి. అక్కడ పద్నాలుగు మంది పిల్లలు.

అందులో అతని కూతురు ఒకతి. పదకొండేళ్ళది. మైదానంలో అడుగుపెట్టాక ‘నాన్నా’ అనకూడదు, అందరిలాగే ‘సార్’ అనాలని అతను మొదటి రోజే ఖరారు చేశాడు. ఆ పిల్ల ఒక్కసారి కూడా నోరు జారలేదు.

టీముకి మేనేజరు గోల్‌కీపర్ వాళ్ళ అమ్మమ్మ. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నీళ్ళ సీసాలు, ఐసు, కట్టుగుడ్డలు అన్నీ ఆవిడ సంచిలోనే. మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల ఏ తండ్రైనా మరీ గొంతు చించుకుంటే దగ్గరికెళ్ళి, “బీపీ చూడమంటారా?” అని అడుగుతుంది. ఇక ఆయన కిక్కురుమంటే ఒట్టు. అందరూ ఆవిడని మేనేజరమ్మ అంటారు.

ఏటా సీజను మొదట్లో కెప్టెన్ని పిల్లలే ఎన్నుకుంటారు. ఆ పద్ధతి కోచ్ పెట్టిందే, దాని గురించి నలుగురిలో గొప్పలు చెప్పుకుంటాడు కూడా. ఒక్కొక్కరూ చీటీ మీద పేరు రాసి గోల్‌కీపర్ గ్లవ్‌లో వేస్తారు. కోచ్ సామాన్ల గది వెనక్కి వెళ్ళి, ఒంటరిగా విప్పి చదువుకుని, వచ్చి పేరు చెబుతాడు. ఎవరికెన్ని వచ్చాయో బయటపెట్టడు, రానివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని.

ఈ ఏడు విప్పితే తొమ్మిది చీటీల్లో అతని కూతురి పేరే. నాలుగింట్లో బేకరీ వాళ్ళబ్బాయిది, అందరూ ‘మెరుపు’ అని పిలిచేవాడిది. ఒకదానిలో ‘గోడ’ అని ఉంది. గోడ అంటే గోల్‌కీపరే. చేతిరాత కూడా వాడిదే.

కోచ్ చీటీలు మళ్ళీ లెక్కపెట్టాడు. కిందటేడు కూతురిచేత పెనాల్టీ కొట్టించినప్పుడు తాడు అవతల ఎవరో చెవులు కొరుక్కున్నారు. “కోచ్ కూతురు కదండీ, ఇంకెవరిచేత కొట్టిస్తాడు?” అన్న ఆ మాట ఏడాదిగా అతన్ని పొడుస్తూనే ఉంది. ఇప్పుడు కెప్టెన్ కూడా ఆమే అంటే, అదీ తనొక్కడే చదివిన చీటీలతో అంటే, ఎవరు నమ్ముతారు? చీటీలన్నీ పనిముట్ల సంచిలో కుక్కి, బయటికొచ్చి, “మన కెప్టెన్ మెరుపు!” అన్నాడు. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకుని, కాస్త ఆలస్యంగా చప్పట్లు కొట్టారు. అతనికి ఆ ఆలస్యం పట్టలేదు. పైగా ఎంత నిష్పక్షపాతినో అని దారి పొడుగునా భుజాలు చరుచుకుంటూ ఇంటికెళ్ళాడు, మహానుభావుడు! పదకొండేళ్ళ పిల్లల కడుపులో మాట దాగదన్న సంగతి మాత్రం తట్టలేదు.

మెరుపు ఆ కెప్టెన్ పట్టీని చొక్కా చేతి కింద దాచుకుని ఆడుతుంటే, వదులై జారుతోంది కాబోలనుకుని పిన్నీసు ఇచ్చాడు కూడా.

మూడు వారాల తర్వాత ఒక శనివారం సాయంత్రం కోచ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని మర్నాటి టీమ్ లిస్టు రాస్తున్నాడు. కూతురు ఉతికి మడతపెట్టిన జెర్సీ తెచ్చి ఆ లిస్టు మీద పెట్టింది.

“ఏమిటే ఇది?”

“నేను రేపు రాను. ఇంకెప్పుడూ రాను.”

“ఏమైందే? ఎవరైనా ఏమన్నా అన్నారా?”

“నాకెన్ని చీటీలు వచ్చాయి నాన్నా?”

“అది బయటికి చెప్పకూడదు కదమ్మా...”

“ఎనిమిది మంది నాకే రాశామన్నారు. నేనూ నాకే రాసుకున్నాను. మొత్తం తొమ్మిది. కాదని చెప్పు.”

కాదని ఎలా చెబుతాడు? ఉన్నదంతా చెప్పుకొచ్చాడు. జనం ఏమంటారో, కిందటేడు ఏమన్నారో, ఆ మాటలు ఆమె చెవిన పడకూడదని తనెంత తాపత్రయపడ్డాడో. పిల్ల అంతా విన్నది.

“వాళ్ళ సంగతి సరే. నాకు అన్ని చీటీలు వచ్చాయని చూసి నీకు సంతోషం వెయ్యలేదా?”

మూడో చీటీ విప్పినప్పటినుంచీ అతనికి వేసింది భయం ఒక్కటే. తన కూతురంటే తోటిపిల్లలకు ఇంత గురి అని ఒక్క నిమిషమైనా మురిసిపోలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. పిల్ల తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ధడాలున వేసినా బాగుండేది, చాలా మెల్లగా వేసుకుంది.

మర్నాడు పొద్దున మైదానంలో అతని వాలకం చూసి మేనేజరమ్మ ఆరా తీసింది. అతను చెప్పేశాడు.

“పిల్లలందరికీ నిజం చెప్పెయ్యి బాబూ.”

“మెరుపుగాడి మాటేమిటమ్మా? మధ్యలో వాడు నలిగిపోడూ?”

“ఒకసారి నేను పేషెంటుకి ఒక మందివ్వబోయి ఇంకోటిచ్చాను. వెంటనే డాక్టరుకి చెబితే తిడతాడని తెల్లారేదాకా నోరు మూసుకున్నాను. ఆ మనిషికేమీ కాలేదు. కానీ ఆ రాత్రి నేను పడ్డ నరకం ముందు తిట్లెంత?” అని ఫోను తీసింది. “నీళ్ళ సీసాలు మోయడానికి నాకు మనిషి కావాలి. మీ అమ్మాయిని రమ్మంటున్నాను. ఆడకపోతే మానె.”

ఆవిడ పిలిస్తే రాననడానికి ఎవరికి ధైర్యం? కూతురు మామూలు బట్టల్లో వచ్చి, సీసాలు దింపి, బెంచీ చివర కూర్చుంది. తండ్రి వైపు చూడలేదు.

కోచ్ పిల్లల్ని పిలిచాడు. తాడు దగ్గరున్న పెద్దవాళ్ళనీ దగ్గరికి రమ్మన్నాడు. పనిముట్ల సంచిలోంచి నలిగిన చీటీలు తీసి చూపించాడు.

“ఎక్కువ చీటీలు మా అమ్మాయికే వచ్చాయి. జనం ఏమంటారోనని భయపడి నేను అబద్ధం చెప్పాను. మీరు రాసిన మాట నేను మార్చేశాను. ఒరేయ్ మెరుపూ, ఇందులో నీ తప్పేం లేదు. నన్ను క్షమించరా.”

మెరుపు నేల చూపులు చూస్తూ అన్నాడు. “నాకు తెలుసు సార్. నేనూ తనకే రాశాను. మీరు చెప్పారు కదా, ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నాను.” వాడి చెయ్యి అప్పటికే పిన్నీసు మీద ఉంది.

“ఇంకేం, పట్టీ మళ్ళీ కూతురికే!” తాడు అవతల ఎవరో అన్నారు.

ఏడాదిగా ఏ మాటకి భయపడ్డాడో ఆ మాటే ఇది. కోచ్ అటు తిరగలేదు. కూతురి వైపే చూస్తూ నిలబడ్డాడు.

పిల్ల బెంచీ మీంచి లేచింది. “తీయకురా,” అంది మెరుపుతో. “ఈరోజుకి నువ్వే ఉండు. వచ్చే శనివారం మళ్ళీ చీటీలు వేద్దాం.” అప్పుడు తండ్రి వైపు తిరిగింది. “చదివేది మాత్రం మేనేజరమ్మ. అందరి ముందూ. నువ్వు కాదు నాన్నా.”

మైదానంలో ఆమె అతన్ని అలా పిలవడం అదే మొదటిసారి. మేనేజరమ్మ చెయ్యి చాపింది. కోచ్ పద్నాలుగు చీటీలూ ఆవిడ చేతిలో పెట్టేశాడు.

“లిస్టులో నా పేరు కొట్టేశావా?” అడిగింది కూతురు.

“చెయ్యి రాలేదమ్మా.”

“మరి నా జెర్సీ?”

కోచ్ సంచిలోంచి తీసి ఇచ్చాడు. ఆమె పెట్టిన మడత అలాగే ఉంది.