ఉప్పు లేని ఐసు

1974 జనవరి 9, తెల్లవారుజామున రేపల్లె స్టేషనులో తెనాలి బండి కదిలింది. అంకయ్య కాళ్ళ మధ్య పెట్టుకున్న రేకు డబ్బా మూత తీసి, ఐసు నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. మూత వేసి పైన తడి గోనె కప్పాడు.

అతను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు పగలగొట్టి, ఉప్పు చల్లి, చేపల బుట్టలు నింపే మనిషి. పోయినవారం ఈ డబ్బా నింపుతున్నప్పుడు కూడా చెయ్యి దానంతట అదే ఉప్పు బస్తాలోకి పోయింది. ఉప్పు కలిసిన ఐసు చలి మరీ ఎక్కువై, బాపట్ల చేరేసరికి సీసాలోని మేక మెదడు గడ్డకట్టింది. కాలేజీలో పరిశోధన చేసే దేవకుమారి తిట్టలేదు. చల్లగా ఉండాలి గాని గడ్డకట్టకూడదంది. ఎక్సైజు వాళ్ళ అనుమతితో తెచ్చిన గంజాయి సారం ఇంకొక్కసారికే వస్తుందని చెప్పింది.

ఆ ఒక్కసారీ అంకయ్యకు కావాలి. తమ్ముడు సింగయ్య చేపల వేటలో గంజాయి తాగేవాడు. ఒకరోజు చేతిలో తాడు ఎందుకుందో మరిచి వదిలేశాడు. వల సముద్రంలో పోయింది. ఊళ్ళోవాళ్ళు గాలి సోకిందన్నారు. సింగయ్య గంజాయి మానేసి ఏడాదైనా పడవ యజమాని దానయ్య అతన్ని పడవ ఎక్కనివ్వలేదు.

మెదడులో ఒక నరం ఇంకో నరానికి రసాయనంతో కబురు పంపుతుందని, కబురు అందిన తరువాత ఆ రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంటుందని దేవకుమారి చెప్పింది. గంజాయి సారం దాన్ని అడ్డుకుంటుందా అన్నది చూడాలి. గడ్డకడితే ఎంజైము ఉండే కణంలోని సంచులు పగిలి పరీక్ష చెడిపోతుంది.

"అయితే గాలి కాదంటారా అమ్మా?" అని అంకయ్య అప్పుడు అడిగాడు.

"చూడకుండా చెప్పను."

తెనాలిలో బండి మారాలి. మాంసం కొట్టు నన్నే సాహెబ్ అప్పుడే కోసిన మేక మెదడును సీసాలో పెట్టి ప్లాట్‌ఫారం మీదికి తెచ్చాడు.

"ఏంటి మావా, ఇవాళా ఊరగాయేనా?"

"వేలెట్టి చూడు సాయిబూ."

సాహెబ్ చూశాడు. నవ్వి, డబ్బా ఎత్తి బండిలో పెట్టాడు. అంకయ్య ఎడమ చేత్తో రొమ్ము నొక్కుకుంటున్నాడని అతను తరువాత చెప్పాడు.

బాపట్లలో అంకయ్య రిక్షా ఎక్కలేదు. కుదుపుకు సీసా పగులుతుందని డబ్బా నెత్తిన పెట్టుకుని కాలేజీ దాకా నడిచాడు. దేవకుమారి సీసాను వెలుగుకు పట్టి చూసి, లోపలికి తీసుకుపోయింది. అతను వరండా బల్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆమె బయటికి వచ్చి పిలిచింది. పలకలేదు. డాక్టరు వచ్చి, గుండె ఆగి గంట దాటిందన్నాడు.

కబురు అంది సాయంత్రం బండికి సింగయ్య వచ్చాడు.

"సారం కలిపిన గొట్టంలో ఎంజైము నెమ్మదించింది," అంది దేవకుమారి. "నేను చూసింది అంతే. నీ తలలో ఏం జరిగిందో చూడలేదు."

"ఆ మాటే దానయ్యతో చెబుతారా అండి?"

"చెబుతాను. ఎల్లుండి వస్తాను."

డబ్బా ఇంకా బల్ల కిందే ఉంది. సింగయ్య మూత తీసి, కరిగిన నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు లేదు.