మీటరమ్మ వెలిగించిన బల్బు

అక్క కారు మూడో గేరులో ఇరుక్కుపోయి నాలుగు రోజులైంది. తనంతట తానే గేర్లు మార్చుకోవాల్సిన కారు, బయలుదేరేటప్పుడు ఈసురోమంటూ కదులుతోంది, రోడ్డెక్కాక గొంతు చించుకుంటోంది. మంచాన పడ్డవాళ్లకు ఇళ్లకెళ్లి మళ్లీ నడక నేర్పడం అక్క ఉద్యోగం. కారు లేకపోతే ఆవిడకు కాళ్లూచేతులూ ఆడవు. చూసిన రెండు షెడ్లవాళ్లూ గేర్‌బాక్సు మార్చాల్సిందేనని తేల్చేశారు.

తమ్ముడికి మాత్రం తన పని మీదే అనుమానం. ఇళ్లకు వైరింగ్ చేసే ఈ మహానుభావుడే కిందటి వారం, సీటు కిందుగా పోయే తీగ నుంచి కరెంటు తీసుకుని, కారుకు వెనక కెమెరా బిగించాడు. బిగిస్తుంటే షార్టయి ఫ్యూజు పోయింది. ఇంకోటి వేస్తే అదీ పోయింది. చిరాకేసి, పది ఆంపియర్లది ఉండాల్సిన చోట ముప్ఫైది గుచ్చాడు. కాలిన వాసన రాగానే షార్టు సరిచేసి, మళ్లీ పదిది పెట్టేసి గప్‌చుప్‌గా ఊరుకున్నాడు. "మా తమ్ముడు చెయ్యి పెట్టాడంటే ఇక చూసుకోనక్కర్లేదు" అని పదిమందికీ చెప్పుకునే అక్కతో ఇప్పుడేమని చెప్పాలి?

మూడో షెడ్డు మీటరమ్మది. మెళ్లో ఎప్పుడూ కరెంటు కొలిచే మీటరు వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు.

"ఫ్యూజులేమైనా మార్చారా?" అని అడిగిందామె.

"లేదండీ" అన్నాడు తమ్ముడు, అక్క పక్కనే ఉండగా.

మీటరమ్మ స్కానరు తగిలించి చదివింది. గేర్లు మార్చే కాయిల్స్ ఆరూ చెడినట్టు చూపిస్తోంది.

"నువ్వు ఎలక్ట్రీషియన్‌వటగా బాబూ! ఇంట్లో ఆరు లైట్లూ ఒక్కసారే ఆరిపోతే ఆరు బల్బులూ మారుస్తావా?"

తమ్ముడికి చెంప చెళ్లుమన్నట్టయింది. కరెంటు వచ్చే దారి చూస్తాడు. ఎవరైనా అదే చూస్తారు!

ఆమె గేర్‌బాక్సుకు వెళ్లే తీగకు మీటరు పెట్టింది. పన్నెండు వోల్టులు, నిక్షేపంగా ఉన్నాయి. "ముందు చూసినవాళ్లు ఇక్కడే పప్పులో కాలేశారు" అంటూ, అదే తీగకు పాత హెడ్‌లైటు బల్బు కట్టింది. అది ఎర్రగా మిణుకుమిణుకుమని ఊరుకుంది.

"బరువు పెడితేగా దాని సత్తా తెలిసేది" అంది.

పదిహేనేళ్లుగా మీటరు పట్టుకుంటున్న తమ్ముడు నోరెళ్లబెట్టాడు. తప్పు బయటపడబోతోందన్న భయం ఒకపక్కా, ఆ పనితనం చూస్తున్న ఆనందం ఇంకోపక్కా. రెంటిలో ఆనందమే గెలిచింది, సిగ్గులేకుండా. ఆమె తీగ వెంబడే జానెడు జానెడు తడుముకుంటూ వెళ్లి, డ్రైవరు సీటు కింద కార్పెట్టు ఎత్తింది. తీగ తొడుగు కరిగిపోయి, లోపల ఒకటిరెండు పోగులే మిగిలాయి; మీటరుకు అవి చాలు, బల్బుకు చాలవు.

"పది ఆంపియర్ల ఫ్యూజు ఉంటే తీగ ఇలా కాలేదాకా ఆగదు, ముందే పోతుంది. ఎప్పుడో ఇక్కడ ఇంకేదో పెద్దది కూర్చుంది" అంది మీటరమ్మ, ఎవరివైపూ చూడకుండా. కాలిన ముక్క కోసి కొత్త తీగ అతికించింది. గేర్‌బాక్సు మీద చెయ్యయినా వెయ్యలేదు.

తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అక్క కారు తీసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... గేర్లు మెత్తగా మారుతుంటే పకపకా నవ్వింది.

"చూశావట్రా, మీటరమ్మ ఎంత గట్టి మనిషో!"

"నేనే అక్కా" అన్నాడు తమ్ముడు. "ముప్ఫైది పెట్టింది నేనే. ఆవిడతో అబద్ధం చెప్పాను."

అక్క కారు పక్కకు ఆపింది. నవ్వు ఆగిపోయింది.

"మా ఇంటి వైరింగూ నువ్వే చేశావు కదరా?"

"అవునక్కా."

"అందులో ఏం పెట్టావు?"

అక్క తిన్నగా ఇంటికి పోనిచ్చింది. మెట్ల కింద ఫ్యూజుల పెట్టె తలుపు తీసి, చేతులు కట్టుకుని నిలబడింది. వాడు ఒక్కొక్కటే లాగి చూపించాడు. హాలుది సరిగ్గానే ఉంది, గదులవీ సరిగ్గానే ఉన్నాయి. వంటింటిది మాత్రం లాగి, అక్క అడక్కముందే, సన్నటి ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట తాను చుట్టిన లావుపాటి తీగ ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టాడు.