లైసెన్సు అక్కర్లేని తుపాకి

మొండయ్య బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరు. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చినప్పుడు అందరితో పాటు సంతకం పెట్టి, పంతొమ్మిది వందల తొంభై ఆరులో ఇంటికొచ్చేశాడు. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో బల్లార్షా రోడ్డు పక్కన రెండు గదుల ఇల్లు. ఉండేది అతనూ, భార్య దుర్గమ్మా. అతని చేతులు ఊరుకునేవి కావు. బాగానే ఉన్న కుక్కరును విప్పి బిగించాడు. ఆ రోజు నుంచి అది ఈల మానేసి ఏడవడం మొదలుపెట్టింది.

అందుకే దుర్గమ్మ తమ్ముడు పోచన్న గోండ్‌పిప్రి నుంచి గోనెసంచిలో చుట్టిన పాత గాలి తుపాకి తెచ్చినప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"మా నాయన చేన్ల చిలుకలను బెదిరియ్యనీకి కొన్నడు బావా. పశుల కొట్టంల పడి ఉన్నది. పాతినుము కొనే భంగారోనికి అమ్ముదామనుకుంటున్న," అన్నాడు పోచన్న.

"భంగారోనికెందుకు? మీ బావకియ్యి. నా కుక్కరన్న బతుకుతది," అంది దుర్గమ్మ.

తుపాకి దారుణంగా ఉంది. గొట్టంలో పురుగు మట్టిగూడు పెట్టింది. ఇనుమంతా తుప్పు. లోపలి స్ప్రింగు రెండు ముక్కలు. భుజానికి ఆనించే కట్టె నిలువునా పగిలింది. మొండయ్య దాన్ని మొదటి రోజు చూస్తూనే కూర్చున్నాడు. గని వదిలాక అతని మొహంలో అంత వెలుగు దుర్గమ్మ చూడలేదు.

భాగాలన్నీ విప్పి కిరసనాయిల్లో నానబెట్టాడు. ఇనుప కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టం తోమితే ఎర్రటి మట్టి నీళ్లు కారాయి. భంగారు దుకాణాల్లో తిరిగి సరిపడే స్ప్రింగు వెతికి తెచ్చాడు. గాలిని అదిమిపట్టే తోలు బిళ్ల ఎండి అప్పడంలా విరిగిపోయింది. కొత్తది కోయడానికి తన చెప్పు పనికొస్తుందనుకున్నాడు గానీ దుర్గమ్మ చెప్పు తోలే మెత్తగా ఉంది. ఆమె ఒంటి చెప్పుతో నిలబడి తిట్టింది. అతను బిళ్లను ఆముదంలో ముంచుతూ విన్నాడు. ఇనుమును కాల్చి స్కూటరు పాత ఆయిల్లో ముంచితే నల్లగా నిగనిగలాడింది. కట్టెకు బంక పట్టించి, గీకి, అవిసె నూనెతో రోజూ రుద్దాడు.

పెరట్లో ఖాళీ డబ్బా మీద పేల్చి చూశాడు. టప్పుమంది. సీసపు గుండు డబ్బాను తొలుచుకుని పోయింది. మొండయ్య ఆ బెజ్జంలోంచి దుర్గమ్మను చూశాడు. "సూడు, ఎంత గుండ్రంగ పడ్డదో!"

"నా చెప్పు గంత దూరం పోతదని నాకెరుక లేదు," అంది ఆమె.

అప్పుడే ఆ వీధి చివర వృక్షధన్ ప్లాంటేషన్స్ అని ఒక కొత్త ఆఫీసు తెరిచారు. డబ్బు కడితే మన పేరు మీద టేకు చెట్లు పెంచుతారు. చెట్టు పెరుగుతుంది, డబ్బు పెరుగుతుంది. ఆఫీసు గోడ మీద టేకు తోట రంగుల ఫొటో. టేకు అడవుల మధ్య పుట్టి, టేకు గుమ్మంలోంచి రోజూ బయటికొచ్చే జనం ఆ ఫొటో ముందు నిలబడి నోరు తెరిచి చూసేవాళ్లు.

మేనేజరు అనంతరావు ఒక సాయంత్రం అటు వెళ్తూ అరుగు మీద తుపాకి తుడుస్తున్న మొండయ్యను చూసి ఆగాడు.

"లైసెన్స్ ఉన్నదా కాకా?"

"దీనికి అక్కర్లేదు సార్. ఇది గాలితోని పేలుతది."

అనంతరావు మొహం విచ్చుకుంది. "మంచిదే గద. ఇప్పుడు దేశంల లైసెన్సుల కాలమే పోయింది. రేపటి సంది మా ఆఫీసుకు రా. గన్‌మన్‌గా నిలబడాలె. ఒక్కటే షరతు, ఎన్నడు పేల్చొద్దు. దాని చప్పుడు వింటే కంపెనీ ఇజ్జత్ పోతది."

ఖాకీ బట్టలు, ఎర్ర టోపీ ఇచ్చారు. మొండయ్య మీసం పెంచాడు. అతను గుమ్మంలో నిలబడ్డ రోజు నుంచి ఆఫీసుకు జనం పెరిగారు. భద్రావతి ఆయుధ ఫ్యాక్టరీలో పనిచేసే సదానందం ఒకరోజు వచ్చి, తుపాకిని దూరం నుంచే చూసి, "అసలు సరుకు," అని తేల్చాడు. ఆ మాట ఊరంతా పాకింది. సదానందం పనిచేసేది ఫ్యాక్టరీ క్యాంటీన్లో అన్న సంగతి ఎవరికీ అడ్డు రాలేదు. అతను కూడా డబ్బు కట్టాడు.

మొండయ్యకూ ఆశ పుట్టింది. ఇంట్లో మాట కదిపాడు.

"చెట్లు యాడున్నయంట?" అంది దుర్గమ్మ.

"కొంకణ్‌ల."

"మన చుట్టు అడివంత టేకే. గంత దూరమెందుకు పోయిండ్రు?"

"గది కంపెనీ టేకు."

"ఆ కంపెనీకి కావలి ఎవరు?"

"నేనే."

"ఇంక నేను పైసలు పెడ్తనా?" అని లేచి వెళ్లిపోయింది. మొండయ్య ఆశ అక్కడే ఆగిపోయింది.

ఏడాది తిరక్కుండానే ఒక సోమవారం మొండయ్య డ్యూటీకి వెళ్తే ఆఫీసుకు పెద్ద తాళం వేలాడుతోంది. ఎవరూ ఏమీ చెప్పలేదు గనక తాళం ముందే నిలబడ్డాడు. వచ్చినవాళ్లకు, "ఇయ్యాల ఆఫీసుకు సుట్టీ, రేపు తెరుస్తరేమో," అని చెప్పాడు. మర్నాడూ తాళమే. మధ్యాహ్నానికి అనంతరావు ఉండే ఇల్లు కూడా ఖాళీ అని తెలిసింది. జనం రోడ్డు నిండా చేరారు.

"తాళం మీద పేల్చు కాకా!" అని ఎవరో అరిచారు. "పేల్చు! పేల్చు!" అందరూ అందుకున్నారు.

"పేల్చొద్దని సార్ చెప్పిండు," అన్నాడు మొండయ్య.

"సారే లేడు! ఎవని మాట వింటవ్?"

ఆ సంగతి మొండయ్యకు అప్పుడే తట్టింది. స్ప్రింగు బిగిసేలా తుపాకిని మధ్యకు వంచాడు. గుండు పెట్టాడు. జనం చెవులు మూసుకుని వెనక్కి జరిగారు. సదానందం అందరికంటే వెనక్కి జరిగాడు.

టప్.

గుండు తాళానికి తగిలి, జారి, మెట్టు మీద దొర్లింది. జనం చెవుల మీంచి చేతులు తీశారు. తర్వాత సదానందం గొంతు లేచింది. "గాలి తుపాకి! మోసం!"

డబ్బు పోయిందని తెలిసినప్పుడు కూడా అంత గోల లేవలేదు. ఒకతను ఏకంగా ఏడ్చాడు. బండరాయితో తాళం బద్దలుకొడితే లోపల ఒక బల్ల, గోడ మీద ఫొటో మిగిలాయి. ఒకాయన ఫొటో చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు, తన చెట్లు అందులో ఉన్నట్టు.

"మోసం కాదు. ఇది అసలైన గాలి తుపాకే," అని మొండయ్య ఒక్కొక్కరికీ చెప్పబోయాడు. అప్పుడు కూరగాయలమ్మే నర్సక్క ఎదురొచ్చింది. ఆమె అరవలేదు. "నువ్వు నిలబడ్డవని పైసలు పెట్టిన మొండన్నా," అంది. మొండయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

పోలీసులొచ్చారు. పట్టుకోవడానికి వేరే ఏదీ దొరక్క తుపాకిని పట్టుకున్నారు. అది తుపాకి కాదు గనక మొండయ్య మీద ఆయుధాల కేసు పెట్టలేమని, తుపాకిలా ఉంది గనక వదల్లేమని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. దానికి సాక్ష్యం చీటీ కట్టి స్టేషన్లో ఒక మూల పెట్టారు.

మొండయ్య ఇంట్లో రోజంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నర్సక్క వీధిలోకి వస్తే లోపలికి వెళ్లేవాడు. "నువ్వు దొంగతనం చెయ్యలే. నిలబడ్డవు. అయితే గట్ల నిలబడుడు గూడ తప్పేనయ్యా," అంది దుర్గమ్మ. అతను తలూపాడు.

వానాకాలం వచ్చింది. స్టేషన్ కప్పు కారుతుందని విని అతనికి నిద్ర పట్టలేదు. వెళ్లి ఇన్‌స్పెక్టరును బతిమాలాడు. "తుప్పు పడ్తది సార్. నూనె పెట్టి పోత." సాక్ష్యం చెడిపోతే మనకే తలనొప్పి అని ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాడు. వారానికోసారి స్టేషన్ అరుగు మీద బల్ల వేస్తే, మొండయ్య గుడ్డ, నూనె పట్టుకుని కూర్చునేవాడు.

కేసు సంగతి అడగడానికి వచ్చిన సదానందం ఒకరోజు అది చూసి ఆగిపోయాడు.

"ఏం కాకా, కేసు పని నడుస్తున్నదా?"

"నడుస్తున్నది. నూనె పెడుతున్న."

సదానందం లోపలికి వెళ్లలేదు. మొండయ్యకు దండం పెట్టి, సైకిలెక్కి, దారిలో కనిపించిన వాళ్లందరికీ కేసు మంచి చేతుల్లో ఉందని చెప్పుకుంటూ వెళ్లాడు.