పేర్లు పిలిచే వేళ

పశువుల కొవ్వు, మెత్తసబ్బు కలిపిన ముద్దను మ్యాథ్యూ హెస్లప్ ఓడ జారే దుంగలకు పట్టిస్తున్నాడు. మోచేతుల దాకా జిడ్డు, మీసాల్లో కూడా. యాభై ఎనిమిదేళ్ల వయసు. టైన్ నది ఒడ్డున పంతొమ్మిది యుద్ధనౌకలను నీళ్లలోకి దింపాడు గానీ ఓడకు పేరు పెడుతూ కొట్టే సారా సీసా పగలడం ఒక్కసారీ చూడలేదు. అది పగిలేది ఓడ ముక్కు దగ్గర, దొరసానుల చేతుల్లో.

ఓడ కింద ఊతంగా నిలిపిన కొయ్యలను ముప్ఫై మంది సుత్తులతో కొట్టి పడగొడతారు. తర్వాత ఫోర్‌మన్ ఒక్కొక్క పేరే పిలుస్తాడు. ఓడ కింద నుంచి బయటపడ్డవాడు "ఉన్నా" అనాలి. అందరూ పలికాకే, ఓడను వదలమని సైగగా జెండా దిగుతుంది.

ఈసారి వేదిక పక్కనే బ్యాండు పెట్టారు.

"పేర్లు పిలిచేటప్పుడు ఆ బ్యాండు ఆపించండి," అన్నాడు మ్యాథ్యూ.

"అడ్మిరల్ గారి భార్యకు సంగీతమంటే ఇష్టమట. ఎవరు చెప్తారు, నువ్వు చెప్తావా?" ఫోర్‌మన్ డాసన్ నవ్వాడు. "ముసలాడివైపోయావు. భయం పట్టుకుంది నీకు."

మ్యాథ్యూకు ఒళ్లు మండింది. "భయం కాదు బాబూ. నువ్వు వినాల్సింది మమ్మల్ని, ఆ డప్పుల్ని కాదు."

ఓడ కిందికి వెళ్లనంటే రేపు పని లేదని గేటు బయటే నిలబెడతారు. వెళ్లాడు.

నదిలో పోటు నిండింది. ఓడ బరువంతా పడి చివరి కొయ్య బిగుసుకుపోయింది. మ్యాథ్యూ కొడుతూనే ఉన్నాడు. పైన దొరసానికి చలేస్తోంది. త్వరగా కానివ్వమని మేనేజరు చేయి ఊపాడు.

"హెస్లప్!" డాసన్ పిలిచాడు. డప్పు మోగింది. గుంపులో ఎవడో సంబరంగా టోపీ ఎత్తాడు. డాసన్ దాన్నే జవాబనుకున్నాడు. అలా అనుకోవడం సుఖం కనుక అనుకున్నాడు. జెండా దిగింది.

"ఆపండ్రా! ముసలోడు లోపలే ఉన్నాడు!" ఐజాక్ గొంతు చించుకున్నాడు. మ్యాథ్యూతో పదేళ్లుగా సుత్తి పట్టినవాడు. పక్కవాడు కూడా వినలేదు.

కింద మ్యాథ్యూకు తన పేరు వినపడలేదు. తను కొట్టకుండానే కొయ్య కదలడం మాత్రం చూశాడు.

ఓడ అందంగా జారింది. అంత పెద్ద ఓడ, ఒక్క మనిషి అడ్డుపడితే తెలుస్తుందా! దొరసానికి జ్ఞాపకంగా, పట్టు పరిచిన పెట్టెలో వెండి కత్తెర బహూకరించారు. దేవుడి దయవల్ల అంతా సవ్యంగా జరిగిందని మేనేజరు ఉపన్యసించాడు. బ్యాండు ఇంకో పాట అందుకుంది.

ఓడ రాపిడికి పొగలు చిమ్ముతున్న దుంగల పక్కన, కొవ్వులో మడమ దాకా దిగబడి, ఎడమకాలి బూటు ఒకటి నిలబడి ఉంది, కట్టిన లేసు కట్టినట్టే.