అడవి నవల మీద గ్లోరీ అభిప్రాయం

మా బడి లైబ్రరీలో ఆ నవల ఒక్క ప్రతే ఉంది. తొమ్మిదో తరగతి వాళ్లం దాన్ని వంతులవారీగా ఇంటికి తీసుకెళ్లేవాళ్లం. మాకు తెలుగు చెప్పే రఘుపతి సార్ దగ్గరే లైబ్రరీ తాళంచెవి కూడా ఉంటుంది. అట్ట చిరగకుండా ఆయన పాత క్యాలెండర్ కాగితం వేశాడు. దాంతో పేరు మూసుకుపోయింది. అందరం అడవి పుస్తకం అనే అనేవాళ్లం.

స్వప్న అనే అమ్మాయి తన బడి వాళ్లతో నల్లమల చూడటానికి వెళ్లి దారి తప్పుతుంది. నెల రోజులకు పైగా అడవిలో ఒక్కతే బతుకుతుంది. ఎండిన వాగులో ఇసుక తోడి చెలిమ నీళ్లు తాగుతుంది. మొర్రిపండ్లు ఏరుకుని తింటుంది. రాత్రిళ్లు చెట్టెక్కి, పడిపోకుండా చున్నీతో నడుమును కొమ్మకు కట్టుకుని నిద్రపోతుంది. ఒకసారి ఎలుగుబంటి వస్తుంది. చివరికి గొర్రెల కాపరులు ఆమెను చూసి ఊరికి తీసుకొస్తారు.

నా వంతు వచ్చినప్పుడు రెండు సాయంత్రాల్లో చదివేశాను. బాపు మగ్గం మీద ఉంటే పక్కన నూలు కండెలు చుడుతూ చదివాను. నాకు అందులో లోటేమీ కనిపించలేదు.

గ్లోరీకి కనిపించింది.

గ్లోరీ నా పక్కన కూర్చుంటుంది. వాళ్ల నాన్న సోమన్న కూలి పనికి పోతాడు. మాది పద్మశాలీల వాడ, వాళ్లది చర్చి పక్క వాడ. మధ్యలో రోడ్డు ఒక్కటే అడ్డం. బడిలో నీళ్ల మోటరు కాలిపోయి చాలా రోజులైంది. బాత్రూంలో చుక్క నీళ్లు ఉండవు. అందుకని ప్రతి నెలా కొన్ని రోజులు గ్లోరీ బడికి రాదు. అలా ఇంటి దగ్గర ఉన్న రోజుల్లోనే ఆ పుస్తకం చదివింది. చూడటానికి వెళ్తే, గడపలో కూర్చుని మొదటి మాట ఇదే అడిగింది.

"శ్రీలతా, గా పిల్ల నెల దాటి అడవిల ఉన్నది గదా. మరి దానికి ముట్టు రాలేదా?"

నాకు నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

"నవ్వకే పిచ్చిదానా. నిజంగనే అడుగుతున్న. చెలిమ ఎంత లోతు తోడిందో రాసింది. ఏ పండు తిన్నదో రాసింది. ఇది రాయకపాయె. బడిల నీళ్లు లేకుంటెనే నేను ఇంట్ల కూసుంటున్న. అడవిల అదెట్ల ఎల్లదీసింది?"

మా ఇంట్లో ఆ రోజుల్లో అమ్మ నూలు ముట్టదు. మగ్గం మీది పడుగు దారం తెగుతుందని అవ్వ భయం. రంగు అద్దే ముందు నూలుకు చిటికీ ముడులు కట్టే పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, బాపు ఎవరూ చెప్పకుండానే వెళ్లి పొయ్యి ముట్టిస్తాడు. ఎవరైనా వస్తే అవ్వ "కోడలు దూరమున్నది" అంటుంది. అసలు మాట ఎవరూ పలకరు. ఇంట్లోనే పలకని మాట పుస్తకంలో లేకపోతే నాకెలా తెలుస్తుంది? లేదని కూడా అనిపించలేదు.

"ఆ పుస్తకం రాసిన మేడం మన బడికొస్తదట. నేను అడుగుత సూడు" అంది గ్లోరీ.

రచయిత్రి వస్తున్న సంగతి నిజమే. ఆమె నల్గొండలో కాలేజీ లెక్చరర్. పిల్లల అభిప్రాయాలు వినాలని ఆమే ఫోన్ చేసిందట. రఘుపతి సార్ వారం ముందు నుంచే తయారీ మొదలుపెట్టాడు. మాట్లాడే వాళ్లను ఎంచి, ఎవరేం చెప్పాలో పంచాడు. ఒకరికి భాష, ఒకరికి ప్రకృతి వర్ణన, గ్లోరీకి స్వప్న ధైర్యం. "ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పొద్దు. ఇంటికొచ్చిన సుట్టానికి కూరల ఉప్పు తక్కువైందని చెప్తమా? గట్లనే ఇది గూడ" అన్నాడు.

మేడం వచ్చే రోజు పొద్దున గ్లోరీని పిలుచుకుపోదామని వెళ్లాను. జడ కూడా వేసుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది.

"నేను రాను. రాత్రే అయింది" అంది.

"ఇయ్యాలనేనా?"

"నేనేమన్న పిలిస్తె వచ్చిందా? నువ్వు అడుగు."

"అమ్మో, నేనా!"

"అందరి ముందట ఒద్దులే. నీ గొంతు పక్క బెంచికే వినవడది. చెవుల అడుగు. నాకు జవాబు తెచ్చియ్యి, చాలు."

సభ మా క్లాసులోనే జరిగింది. మేడం మా అమ్మ వయసే ఉంటుంది. నేత చీర కట్టుకుంది. సార్ శాలువా కప్పించాడు, చప్పట్లు కొట్టాం. భాష మీద మాట్లాడాల్సిన నాగేందర్ మూడు మాటలకే తనది మరిచిపోయి, వెనకున్న పిల్లకిచ్చిన ప్రకృతి వర్ణన అందుకున్నాడు. ఆ పిల్ల వాడి చొక్కా వెనక నుంచి లాగి, "నాది నువ్వు చెప్తె నేనేం చెప్పాల్రా" అంది ఏడుపు గొంతుతో. మేడం నవ్వాపుకోలేక శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గ్లోరీ వంతు నాకు పడింది. లేచి నిలబడి స్వప్న ధైర్యం గురించి సార్ చెప్పిన వాక్యాలు చెప్పాను. "గట్టిగ" అన్నాడు సార్. గట్టిగా అయ్యేలోపు వాక్యాలు అయిపోయాయి.

"అన్నీ నచ్చినవేనా? నచ్చనిది ఒక్కటన్న చెప్పుండ్రి" అడిగింది మేడం. నిజంగా వినాలన్నట్టు ముందుకు వంగి అడిగింది.

సార్ మమ్మల్నే చూస్తున్నాడు. కాసేపటికి నాగేందర్ లేచాడు.

"ఎలుగుబంటి ఒక్కసారే వచ్చింది మేడం. ఇంకోసారి రావాలె."

అందరం నవ్వాం. మేడం కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు తగ్గాక కూడా ఎవరైనా లేస్తారేమోనని చూస్తూనే ఉంది.

భోజనాల వేళ సార్ నా చేతికి చెంబు ఇచ్చి, "మేడంకు చేతులు కడిగియ్యి బిడ్డా" అన్నాడు. వీధి బోరింగు నుంచి తెచ్చిపెట్టిన బకెట్టు వరండా చివర ఉంది. అక్కడ మేం ఇద్దరమే. నీళ్లు పోస్తూ, ఆమె ముఖం చూడకుండా అన్నాను.

"మేడం, మా గ్లోరీ ఒకటి అడగమన్నది."

"అడుగు తల్లీ."

"నెల రోజులు... స్వప్నకు ముట్టు రాలేదా అని."

ఆమె చేతులు చెంబు కింద అలాగే ఆగిపోయాయి. నీళ్లు వేళ్ల మీద నుంచి కారిపోతున్నా రుద్దుకోలేదు. కోపం వచ్చిందనుకున్నాను.

"రాసిన బిడ్డా" అంది. "ఒక అధ్యాయమే రాసిన. నిజం చెప్పాల్నంటె ముందుగాల రాసింది అదే. దాని కోసమే మిగతా నవల రాసిన."

"మరి పుస్తకంల లేదు గద మేడం?"

"అచ్చేసెటోళ్లు వద్దన్నరు. బడులకు పోయే పుస్తకం, మగపిల్లలు గూడ చదువుతరు, బాగుండదన్నరు. నేను సరే అన్న. ఒక్కసారన్న కొట్లాడితె ఉంచుదురో ఏమో. కొట్లాడలే. ఆ కాయితాలు గూడ దాచుకోకపోతి. ఇన్ని బళ్లు తిరిగిన. ఎవ్వరు అడగకపోతె, అవసరం లేదేమో, వాళ్లన్నదే నిజమేమో అనుకున్న. మీ గ్లోరీ ఏది?"

"ఇయ్యాల రాలేదు మేడం."

ఆమె నీళ్ల బకెట్టు వైపు, దాని వెనక తాళం వేసి ఉన్న బాత్రూం తలుపు వైపు చూసింది. ఎందుకు రాలేదని అడగలేదు.

"స్వప్న ఏం చేసింది మేడం?"

మేడం కొంగుకు చేతులు తుడుచుకుని అరుగు మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. "దాని దగ్గర చున్నీ ఒక్కటే ఉన్నది గదా. అది చింపాలె. చింపితె రాత్రి చెట్టు మీద నడుముకు కట్టుకునేటందుకు ఉండదు. కింద పండుకుంటె ఎలుగుబంటి భయం. పొద్దుమూకేదాంక చున్నీ ఒళ్లె పెట్టుకొని కూసుంటది. అప్పుడు..."

"ఏం ముచ్చట్లు మేడం!" రఘుపతి సార్ అన్నం పళ్లెం పట్టుకుని వచ్చాడు. "మా శ్రీలత మాట్లాడుతున్నదా? క్లాసుల నోరు తెరవది. ఏమడుగుతున్నది?"

నేను మేడం వైపు చూశాను. ఆమె ముఖం ఎర్రబడింది. అరుగు మీద నుంచి లేచింది.

"ఏం లేదు సార్. ఎలుగుబంటి సంగతి అడుగుతున్నది."

సార్ నవ్వి ఆమెను లోపలికి తీసుకెళ్లాడు. భోజనం అయ్యేదాకా చుట్టూ సార్లే ఉన్నారు. కారెక్కేటప్పుడు మేడం నా తల మీద చెయ్యి పెట్టింది. ఏదో చెప్పబోయింది. పక్కనే హెడ్మాస్టరు కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రం గ్లోరీకి అంతా చెప్పాను. రాసిందని చెప్పగానే దాని ముఖం వెలిగిపోయింది. "నేనన్న గదా! రాయకుండ ఎట్ల ఉంటది!" అని నా భుజం మీద ఒక్కటి వేసింది. తీసేసిందని చెప్పాక వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. చున్నీ సంగతి వచ్చాక మళ్లీ దగ్గరికి జరిగింది.

"చింపిందా?"

"తెల్వదు. అప్పుడే సార్ వచ్చిండు."

"చింపితె రాత్రి ఎట్ల? కింద పండుకున్నదా? ఉతుక్కునేటందుకు నీళ్లేడియి? చెలిమల నీళ్లు తాగేటందుకే సరిపోవు గదనె. ఎలుగుబంటి వాసన వట్టదా?"

"తెల్వదు గ్లోరీ."

"ఆ మేడమే చెప్తుంటె ఆపినవా?"

"నేనాపలే. ఆమెనే ఆపింది. సార్‌ను చూసి ఎలుగుబంటి అన్నది."

గ్లోరీ నమ్మలేనట్టు చూసింది. "అంత పెద్ద మేడం గూడనా?"

మోకాళ్ల చుట్టూ చేతులు చుట్టుకుంది. "నేను పోతె అయిపోతుండె. ఎట్లనో అట్ల పోతె అయిపోతుండె. నేనైతె సార్‌ను జర అవతలికి పొమ్మందును."

మేడం ఫోన్ నంబర్ అడుగుదామా అన్నాను. నంబర్ రఘుపతి సార్ దగ్గర ఉంది. ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పాలా అని ఇద్దరం ఆలోచించాం. చర్చిలో గంట కొట్టారు. గ్లోరీ వాళ్లమ్మ లోపలి నుంచి పిలిచింది. నేను ఇంటికి వచ్చేశాను.

తర్వాత గ్లోరీ బడికి వచ్చిన మొదటి రోజే సార్ దాన్ని లేపాడు.

"గ్లోరీ, ఆ రోజు నువ్వు రాకపోతివి. మేడం ఫోన్‌ల అడిగింది, ఆ పిల్ల అభిప్రాయం ఏందో క్లాసుల చెప్పియ్యుండ్రి సార్ అని. చెప్పు."

గ్లోరీ లేచింది. నేను బెంచి అంచు గట్టిగా పట్టుకున్నాను.

"సార్, ఆ పిల్ల నెల రోజులు అడవిల ఉన్నది గదా..."

"ఉన్నది."

"మరి నెల రోజులంటె సార్..."

మగపిల్లల వరుసలన్నీ ఇటే తిరిగాయి. నాగేందర్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. సార్ సుద్దముక్క పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన కోపంగా ఏమీ లేడు. ఇంకో మాట అంటే వినేవాడేమో కూడా.

"...ఒక్కతే ఉన్నది సార్. చదువుతుంటె భయమైంది."

"మంచి అభిప్రాయం. కూసో" అన్నాడు సార్, బోర్డు వైపు తిరుగుతూ.

గ్లోరీ కూర్చుంది. పుస్తకం తెరిచి అందులోకి వంగింది. బెల్లు కొట్టేదాకా ఒక్క పేజీ కూడా తిప్పలేదు.