మంచి డ్రైవును పాడుచేసిన రోజు

బోయిగూడలోని ఒక మిషన్ స్కూలు నుంచి పిలుపు వచ్చేనాటికి నాకు గీర కాస్త ఎక్కువే. ఏ.ఎస్. రావు నగర్‌లో కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి నాలుగేళ్లయింది మరి. స్కూలు క్లర్కు ప్రేమమణిగారు రాసిన ఫ్లాపీలు ఆఫీసు కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవడం లేదట. ఫ్లాపీ డ్రైవు పోయిందని వెంటనే తేల్చేశాను.

కొత్తది బిగించాను. "ఇదీ దీని రోగం" అంటూ, పాతదాని హెడ్‌ను, అంటే ఫ్లాపీ మీద రాసే, చదివే ముక్కను, కటింగ్ ప్లేయర్‌తో ఆవిడ ముందే పీకి చూపించాను. అప్పుడు ఆవిడ బీరువాలోంచి ఇరవై మూడు ఫ్లాపీలు తెచ్చారు. ఒక్కటీ తెరుచుకోలేదు.

అప్పటికి గానీ నాకు అసలు సంగతి అర్థం కాలేదు. పాత డ్రైవులో హెడ్ పక్కకు జరిగి, రాసిందంతా వంకరగా రాసింది. ఆ వంకర రాత దానికి ఒక్కదానికే తెలుసు. దాన్ని నేను చంపేశాను. ఆ మాటే ఆవిడకు చెప్పాను.

"పాత రిజిస్టర్లకు చెదలు పట్టాయని తగలబెట్టేశారు జోగారావుగారూ. పిల్లల పుట్టిన తేదీలన్నీ వీటిలోనే ఉన్నాయి. కంప్యూటర్‌లో ఉంచితే ఎవరైనా చెరిపేస్తారని వీటిలోకి ఎక్కించి బీరువాలో దాచాను. ఎనిమిది నెలలు కూర్చుని కొట్టానండీ" అన్నారావిడ. ఆ తర్వాత ముఖం తిప్పుకుని ఫ్లాపీలను మళ్లీ వరసగా పేర్చసాగారు. నాలుగు తిట్టినా బాగుండేది.

అటెండరు సదాశివ తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తున్నాడు.

"ఏంది సారూ, గంత పరేషాన్? వంకరది చదివింది గదా. కొత్తదాన్ని సుత జెర వంకర చెయ్యరాదు?"

వేళాకోళానికే అన్నాడు. నాకు ఒళ్లు మండి "నువ్వూరుకోవయ్యా" అని కసిరాను. కసిరాక ఆలోచిస్తే, అతను చెప్పిందే దారి.

కొత్త డ్రైవు విప్పి, హెడ్‌ను కదిపే మోటారు స్క్రూలు వదులు చేశాను. వెంట్రుకవాసి తిప్పడం, ఫ్లాపీ పెట్టి చూడడం, మళ్లీ తిప్పడం. బాగు చేయడం అలవాటైన చేతులకు పాడు చేయడం చేతకాలేదు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు, సాయంత్రం బడి కూడా వదిలేశారు. అప్పుడు తెర మీద పిల్లల పేర్లు పడ్డాయి.

ఒక్కో ఫ్లాపీ హార్డ్ డిస్కులోకి ఎక్కిస్తుంటే ప్రేమమణిగారు పక్కన కూర్చుని పేర్లు సరిచూశారు. ఇరవై మూడోది అయ్యాక కళ్లజోడు తీసి "అందరూ ఉన్నారు" అన్నారు.

నా వైపు చూడకుండానే సదాశివను పిలిచారు. "సారు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. టీ, బిస్కెట్లు పట్రా."

నాకు ఏడుపొచ్చింది.